తెలివిచెర్ల వారి తీరనగరం

తెలివి పంచిపెట్టడానికి బయల్దేరిన దేవుడు గవ్వలపేటలో మొట్టమొదట తమ గుమ్మమే ఎక్కాడనీ, సంచీ ఇక్కడే బోర్లించేశాడనీ, ఊళ్ళో మిగతావాళ్ళకి దక్కింది అడుగున మిగిలిన పొట్టేననీ తెలివిచెర్ల వారి గట్టి నమ్మకం. ఇంటిపేరులోనే తెలివి ఉంటే ఇంకా సాక్ష్యాలు దేనికి అంటారు. ఆ ఇంటిపేరు పలికేటప్పుడు ఊళ్ళోవాళ్ళు నోటికి తుండుగుడ్డ అడ్డం పెట్టుకునేవాళ్ళు. అది గౌరవం కొద్దీ అనుకుని తెలివిచెర్ల వారు చాలా ఏళ్ళు సంతోషించారు.

ఇంటి పెద్ద వీరరాఘవులు. ఆలోచించకుండా ఏ పనీ చెయ్యడు, ఆలోచించాక మాత్రం చెయ్యకూడనిదే చేస్తాడు. భార్య అచ్చియ్యమ్మ మాట జవదాటని మనిషి. కాపరానికొచ్చిన కొత్తల్లో అత్తగారు "పాలు చూస్తూ ఉండవే" అంటే, పాలు పొంగి పొయ్యి ఆరిపోయేదాకా కళ్ళార్పకుండా చూస్తూనే ఉంది. ఆమె తమ్ముడు బుల్లబ్బాయి ఎప్పుడో చుట్టపుచూపుగా వచ్చాడు. "కొన్నాళ్ళుండి వెళ్ళరా" అన్నారు. ఉంటున్నాడు. "ఇక వెళ్ళు" అని ఎవరూ విడిగా చెప్పలేదు మరి. వీరరాఘవులు తల్లి సుబ్బాయమ్మకి పళ్ళన్నీ ఊడిపోయాయి గానీ నోరు మాత్రం చెక్కుచెదరలేదు. కూతురు రాజ్యలక్ష్మిని అందరూ రాజ్యం అంటారు, డిగ్రీ చదువుతోంది. ఏది కనపడినా గడగడా చదివేస్తుంది. చదివినదానికి అర్థం చెప్పడం పెద్దవాళ్ళ పని అని, అందులో తను వేలుపెట్టదు. అంత మర్యాద తెలిసిన పిల్ల.

గవ్వలపేట గ్రంథాలయం వాళ్ళు ఏటా ముగ్గుల పోటీ పెట్టేవాళ్ళు. ఈసారి అధ్యక్షుడు జోగారావు మాస్టారు కొత్తగా ఆలోచించారు. కంప్యూటర్లో 'తీరనగరం' అని ఒక ఆట ఉంది. ఖాళీ సముద్రతీరం ఇస్తుంది, దానిమీద ఊరు కట్టుకోవాలి. రోడ్లు, ఇళ్ళు, రేవు, అన్నీ మనమే. కుటుంబమంతా కలిసి కట్టాలి, మాస్టారు ఇంటింటికీ వచ్చి చూస్తారు. ఎవరి నగరం బాగుంటే వాళ్ళ గుమ్మానికి ఇత్తడి ఫలకం. దానిమీద 'తెలివైన కుటుంబం' అని చెక్కి ఉంటుంది.

ఆ కబురు వినగానే వీరరాఘవులు తల్లి మంచం దగ్గరికొచ్చి కూలబడ్డాడు.

"అమ్మా, ఆ ఫలకం మన గుమ్మం మీదే ఎక్కాలే. నేనెళ్తే టీ కొట్టు కాడ జనం తుండుగుడ్డ ఎందుకు అడ్డం పెట్టుకుంటారో మొన్న తెలిసిందే నాకు. నవ్వాపుకోలేకంట. నన్ను చూసేనంట."

చెబుతూ చెబుతూ తల్లి దుప్పటి అంచుతో కళ్ళు తుడుచుకున్నాడు పాపం. ఇంత మంచి మనిషిని చూసి నవ్వడానికి ఊరికి సిగ్గు లేదు గానీ, నవ్వకుండా ఉండడం కూడా కష్టమే.

"నవ్వితే నవ్వారులేరా," అంది సుబ్బాయమ్మ. "నేను కాపరానికొచ్చిన కాణ్ణుంచీ నవ్వుతానే ఉన్నారు. గుమ్మం మీద ఆ బోర్డెక్కితే అప్పుడు మనమే నవ్వచ్చు."

అంతే, ఇల్లంతా నగరం పనిలో పడింది.

రాజ్యం చదువుకని కొన్న కంప్యూటర్ని వసారా గదిలో బల్ల మీద పెట్టారు. ఆట మొదలవగానే తెర మీద కండువా వేసుకున్న బొమ్మ మనిషి ఒకడు ప్రత్యక్షమయ్యాడు. పేరు సలహారావు. ఏం చెయ్యాలో అక్షరాల్లో చెబుతూ ఉంటాడు. మొదటి సలహా రాజ్యం బిగ్గరగా చదివింది.

"నగరం కట్టే ముందు నేల చదును చెయ్యండి."

"చూసేరా, ఎంత గ్రహింపున్న మనిషో!" అంది అచ్చియ్యమ్మ. "మన గదిలో గచ్చు పెచ్చులూడిపోయిందని ఆయనకి అక్కణ్ణుంచే కనపడిపోయింది."

బుల్లబ్బాయి గునపం తెచ్చాడు. వీరరాఘవులు పార పట్టాడు. గచ్చంతా పెళ్ళగించి, మట్టి సర్ది, దిమ్మిస కొట్టారు. ఇద్దరి దెబ్బకి బల్ల కాలొకటి విరిగి, కంప్యూటర్ పక్కకి ఒరిగింది. పడిపోతుందేమోనని రాజ్యం గబుక్కున పట్టుకోబోయింది, చెయ్యి వెళ్ళి ఏదో మీట మీద పడింది. తెర మీద గుట్టలూ మిట్టలూ సర్దుకుపోయి నేల అరచెయ్యిలా అయిపోయింది.

"బావోయ్!" అని గంతేశాడు బుల్లబ్బాయి. "ఇక్కడ తవ్వుతుంటే అక్కడ చదునైపోతంది!"

ఇంకేముంది, కిటుకు తెలిసిపోయింది. సలహారావు ఏది చెప్పినా ఇంట్లో చేస్తే చాలు, ఊళ్ళో అయిపోతుంది.

తర్వాతి సలహా: "మీ నగరానికి పేరు పెట్టండి."

"ఇవాళ పుట్టిందానికి ఇవాళే పేరేంటండీ?" అని అడ్డుపడింది అచ్చియ్యమ్మ. "పురుడు తీరొద్దూ?"

"మాస్టారొచ్చేలోపు పేరుండాలి కదే. పురుడు తర్వాత తీరుద్దిలే," అన్నాడు వీరరాఘవులు.

పక్కింటి నుంచి ఉయ్యాల తెచ్చారు. కంప్యూటర్ తెరకి పసుపు గుడ్డ చుట్టి, మూలన దిష్టిచుక్క పెట్టి, ఉయ్యాల్లో పడుకోబెట్టారు. పేరంటాళ్ళు వచ్చారు. వచ్చినవాళ్ళకి శనగలు పెట్టారు. ఎవరికి ఎత్తుకోమని ఇవ్వాలో తెలీక ఒకావిడ అక్షింతలు వేసి, "తల్లి పోలికే," అని వెళ్ళిపోయింది.

బిడ్డ చెవిలో పేరు చెప్పాలి. చెవెక్కడుంది? అందరూ వెతికారు. పాటలు వినడానికి రాజ్యం వైరు గుచ్చే చిల్లు అచ్చియ్యమ్మకి దొరికింది. "వినేది ఇందులోంచే కదా, చెవి ఇదే," అంది. మేనమామ హోదాలో బుల్లబ్బాయి వంగి ఆ చిల్లులో "తెలివిపట్నం, తెలివిపట్నం" అని ఊదాడు. సలహారావు ఉలకలేదు, పలకలేదు.

"బియ్యంలో రాయలేదు కదరా!" అని గుర్తుచేసింది సుబ్బాయమ్మ.

పళ్ళెంలో రాస్తే కంప్యూటర్‌కి ఎలా తెలుస్తుందని, మీటల మీదే సోలెడు బియ్యం పోశారు. రాజ్యం ఆ బియ్యంలో వేలు పెట్టి ఒక్కొక్క అక్షరమే వెతికి నొక్కింది. ఒక గింజ అడ్డం పడి 'వి' మాత్రం పడలేదు. ఊరి పేరు తెలిపట్నం అయింది.

"పోన్లెండి, తెలివిలో సగానికి పైగా వచ్చిందిగా," అంది అచ్చియ్యమ్మ.

నిజం చెప్పాలంటే రాజ్యానికి ఆ పనిలో మంచి చెయ్యి. ఇసక ఒడ్డు పొడుగునా రోడ్డు వేసింది. గాలికి అడ్డంగా సరుగుడు తోట పెంచింది. పడవలకి రేవు కట్టింది, చేపలు ఎండబెట్టుకోవడానికి దిబ్బ కూడా వదిలింది. సుబ్బాయమ్మ మంచం అక్కడికే లాక్కుని కూర్చుంది.

"నాకూ ఓ ఇల్లు కట్టవే మనవరాలా. అరుగు మీద కూచుంటే ఎదురుగా సముద్రం కనపడాలి. మనింటికేమో ఆ ఐసు ఫ్యాక్టరీ గోడ అడ్డం. చప్పుడు వినపడుద్ది గానీ సముద్రం కనపడి ఎన్నేళ్ళయిందో."

రాజ్యం రోడ్డు చివర, అన్నిటికన్నా ముందు వరసలో, ఎర్ర పెంకుల ఇల్లొకటి కట్టింది. దానికి అరుగు పెట్టింది. సుబ్బాయమ్మ కొంగుతో కళ్ళొత్తుకుని, "మెట్లు ఎక్కువ పెట్టకే, మోకాళ్ళు," అంది.

అంతా బాగానే ఉందనుకునేసరికి సలహారావు మళ్ళీ ఊడిపడ్డాడు.

"ఖజానా నిండాలంటే పన్ను కట్టించండి."

అందరూ సుబ్బాయమ్మ బోసినోటి వైపు చూశారు.

"ఇంటిల్లిపాదిలో పళ్ళు లేనిది నేనొక్కదాన్నే కదరా!" అని ఆశ్చర్యపోయింది ఆవిడ. "ఆయనకెలా తెలిసిందో!"

"పళ్ళు అన్లేదమ్మా. పన్ను అన్నాడు. ఒకటే కట్టించాలి," అన్నాడు వీరరాఘవులు. మాట విషయంలో అతను చాలా జాగ్రత్త.

టౌనుకి తీసుకెళ్ళారు. పళ్ళ డాక్టరు నోరంతా చూసి, పూర్తి సెట్టు కడతానన్నాడు. ఒకటి చాలన్నారు.

"ఒక్క పన్నుతో ఏం తింటారు మామ్మగారూ?" అని అడిగాడు డాక్టరు.

"తినడానిక్కాదు బాబూ. ఖజానా నిండాలంట."

డాక్టరు కాసేపు ఆవిడ మొహంలోకి, కాసేపు వీరరాఘవులు మొహంలోకి చూశాడు. ఎవరూ నవ్వడం లేదు. చేసేదేముంది, ముందువైపు ఒక్క పన్ను కట్టి పంపించాడు. ఇంటికి రాగానే సుబ్బాయమ్మ తెరకెదురుగా నిలబడి ఈ అని చూపించింది, అదే సమయానికి రాజ్యం 'సరే' అన్నచోట నొక్కింది. లోపల నాణేలు గలగలమన్నాయి. ఇల్లంతా చప్పట్లు.

కానీ సలహారావుకి ఆశ ఎక్కువ. రోజూ ఏదో ఒక వేళకి వచ్చి, "పన్ను పెంచమంటారా?" అని అడిగేవాడు.

"వద్దురా నాయనా!" అని నోరు మూసుకునేది సుబ్బాయమ్మ. "ఉన్నదానికే పెదవి మూతపడి చావట్లేదు. ఇంకా పెంచితే ఏనుగునైపోతాను."

రాజ్యం 'వద్దు' నొక్కేది. అడిగినప్పుడల్లా వద్దు, అడిగినప్పుడల్లా వద్దు. ఇంకేముంది, ఈ ఊళ్ళో పన్నులు పెరగవట అని తెలిసి ఆటలోని జనమంతా పెట్టేబేడా సర్దుకుని తెలిపట్నానికి దిగిపోయారు. ఇళ్ళు నిండాయి, రేవు నిండింది, ఒడ్డున పిల్లలు గాలిపటాలు ఎగరేశారు. రాజ్యంతో చదువుకునే అమ్మాయి ఒకతి వచ్చి చూసి నోరెళ్ళబెట్టింది. వెళ్ళి జోగారావు మాస్టారితో చెప్పింది, ఇప్పటిదాకా ఊళ్ళో ఎవరూ అంత బాగా కట్టలేదని. మాస్టారు నమ్మలేదు. ఆ కబురు టీ కొట్టుకీ పాకింది. వీరరాఘవులు వెళ్ళి బల్ల మీద కూర్చుంటే ఆ రోజు ఎవరూ తుండుగుడ్డ అడ్డం పెట్టుకోలేదు. ఒకాయనైతే జరిగి చోటిచ్చాడు. వీరరాఘవులు టీ తాగడం మర్చిపోయి ఇంటికి పరిగెత్తుకొచ్చి ఆ సంగతి చెప్పాడు.

అదిగో, అలాంటి మంచి రోజుల్లోనే రాజ్యం ఈ వాక్యం చదివింది: "వీధుల్లో చెత్త ఎత్తడం లేదని జనం మీ మీద మండిపడుతున్నారు."

"మండిపడుతున్నారా!" అని కెవ్వుమంది అచ్చియ్యమ్మ. "ఎంతమందే?"

"జనం అనుందమ్మా. అందరూ అయ్యుంటారు."

"మండుతున్నోళ్ళు మండుతున్నట్టు ఉండక నా మీద పడ్డం దేనికే?" అని వీరరాఘవులు గది మూలకి గెంతి, తడిపిన గోనెసంచి కప్పుకుని కూర్చున్నాడు.

అచ్చియ్యమ్మ తల్లి మనసు ఊరుకోలేదు. కాలినచోట వెన్న రాస్తే మంట లాగేస్తుందని, ఉట్టి మీది వెన్నగిన్నె దింపి తెర నిండా మెత్తింది. బుల్లబ్బాయి పక్కనుంచి ఉఫ్ ఉఫ్ అని ఊదాడు. "ఆ గుడి వీధిలో వాళ్ళకి ఇంకొంచెం రాయక్కా, పసిపిల్లలున్నారు," అన్నాడు.

వెన్న వాసనకి వీధిలో పిల్లి వచ్చింది. మీటల మీదెక్కి, తీరిగ్గా కూర్చుని, తెర నాకడం మొదలెట్టింది. దాని కాళ్ళకింద ఏ మీట పడిందో ఏమో గానీ ఊళ్ళో ప్రతి వీధిలోకీ చెత్తబళ్ళు బయల్దేరాయి. వెన్న వదిలినచోట అక్షరాలు కనపడ్డాయి. రాజ్యం తొంగి చూసి చదివింది.

"జనం చల్లబడ్డారు."

"వెన్నంటే వెన్నే!" అంది అచ్చియ్యమ్మ. వీరరాఘవులు గోనెసంచిలోంచి బయటికొచ్చి పిల్లికి దణ్ణం పెట్టాడు.

చివరికి మాస్టారొచ్చే రోజు వచ్చింది. పొద్దున్నే ఇల్లు అలికి, గుమ్మానికి మామిడాకులు కట్టి, అందరూ స్నానాలు చేసి కూర్చున్నారు. రాజ్యం ఆట తెరిచింది. సలహారావు మొహం వేలాడేసుకుని ఉన్నాడు.

"తుఫాను ఈరోజు తీరం దాటనుంది. నగరాన్ని వెంటనే భద్రపరచండి."

గవ్వలపేటలో ఆ మాటకి భయపడని ఇల్లు లేదు. అచ్చియ్యమ్మ గుండెలు బాదుకుంది. బుల్లబ్బాయి మాత్రం లేచి పంచె ఎగ్గట్టాడు.

"తీరం దాటుద్దా? ఎవర్నడిగి దాటుద్దక్కా? ముందు నన్ను దాటాల," అని దుడ్డుకర్ర తీసుకుని సముద్రం ఒడ్డుకి పరిగెత్తాడు. అక్కడ ఇసకలో ఈ చివర్నుంచి ఆ చివరికి గీత గీసి, గీతకి ఇవతల కర్ర ఎత్తి నిలబడ్డాడు.

పడవకి తారు పూసుకుంటున్న వాళ్ళు చూశారు. "ఏంటి బుల్లబ్బాయ్, ఎవడితో తగువు?"

"తుఫానొత్తందండి."

"ఎండ మాడ్చేత్తంటే తుఫానేంటయ్యా? ఎక్కణ్ణుంచి?"

"కంప్యూటర్లోంచండి, ఆయ్."

ఇక్కడ ఇంట్లో భద్రపరిచే పని జరుగుతోంది. ఇంట్లో అన్నిటికన్నా భద్రమైనది ఏది? బోషాణం. తాతలనాటి చెక్కపెట్టె, మూత ఎత్తాలంటేనే ఇద్దరు కావాలి. అందులోని ఇత్తడి సామానంతా బయట పడేశారు.

"దీని తోక గోడకి కట్టేసుందండి," అంది అచ్చియ్యమ్మ.

"విప్పు మరి. కట్టేసిందాన్ని ఎలా దాస్తాం?" అన్నాడు వీరరాఘవులు.

విప్పారు. తెర టప్పున నల్లబడింది. "భయంతో కళ్ళు మూసుకుంది పిచ్చిది," అని జాలిపడి, అచ్చియ్యమ్మ తన పెళ్ళి పట్టుచీరలో కంప్యూటర్నీ తెరనీ తోకనీ కలిపి మూటగట్టింది. చెదలు పట్టకుండా గుప్పెడు కలరా ఉండలు వేసింది. బోషాణం మూసి, తాళం బిగించి, పైన సుబ్బాయమ్మని కూర్చోబెట్టారు.

జోగారావు మాస్టారు వచ్చారు. చంకలో గుడ్డసంచి, అందులో ఫలకం. వెనకాల ఊళ్ళోవాళ్ళు కొందరు, టీ కొట్టు బల్ల మీద జరిగి చోటిచ్చినాయన కూడా.

"ఏదయ్యా రాఘవులూ, నీ నగరం? అందరూ ఒకటే పొగుడుతున్నారు."

"భద్రంగా ఉందండి," అని వీరరాఘవులు తల్లిని చూపించాడు.

సుబ్బాయమ్మ ఈ అని నవ్వి ఒంటిపన్ను చూపించింది. మాస్టారు ఒక అడుగు వెనక్కి వేశారు.

ఆవిడని దింపి, తాళం తీసి, మూట విప్పేసరికి కలరా ఉండల ఘాటు గుప్పుమని మాస్టారి మొహానికి కొట్టింది. ఒకటే తుమ్ములు. కళ్ళజోడు తీశారు, తీస్తే ఏమీ కనపడదు. పెట్టుకున్నారు, పెట్టుకుంటే నీళ్ళు కారి మసక. అలాగే తడుముకుంటూ మీట నొక్కారు. తెర నల్లగా ఉంది. మళ్ళీ నొక్కారు. నల్లగానే ఉంది. తోక చీర మడతల్లో ఉండిపోయిన సంగతి ఎవరికీ తట్టలేదు.

"ఎంత కట్టినా తుఫాను దూరేసినట్టుందండి," అంది అచ్చియ్యమ్మ నీరుగారిపోయి.

"భద్రపరచమంటే మీట నొక్కాలమ్మా! బోషాణంలో పెట్టి తాళం వెయ్యమనా?" మాస్టారికి తుమ్ము, కోపం కలిసొచ్చాయి. "మీ తెలివి తెల్లారినట్టే ఉంది! ఇంకెక్కడి నగరం? ఇక దానికి నీళ్ళొదులుకోండి! హా...చ్చ్!"

ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని, ఫలకం సంచితో సహా పక్కింటి వాళ్ళ నగరం చూడ్డానికి వెళ్ళిపోయారు. ఊళ్ళోవాళ్ళు కూడా వెళ్ళిపోయారు. వెళ్తూ వెళ్తూ ఒక్కొక్కరే తుండుగుడ్డ నోటికి అడ్డం పెట్టుకున్నారు. వీరరాఘవులు గడప మీద కూర్చుండిపోయాడు. ఈసారి అది గౌరవం కాదని అతనికి తెలుసు. ఎవరైనా పలకరిస్తే ఏడ్చేసేలా ఉన్నాడు, అందుకే ఎవరూ పలకరించలేదు.

రాజ్యానికి తండ్రిని అలా చూడటం కష్టమనిపించింది. "నాన్నా, తోక విప్పితేనే కదా కళ్ళు మూసుకుంది. మళ్ళీ కట్టేస్తే తెరుస్తుందేమో," అంది.

ఆ ఇంట్లో పుట్టిన మంచి ఆలోచన అదొక్కటే. తోక తీసి గోడకి తగిలించింది. మీట నొక్కింది. తెర వెలిగింది.

తెలిపట్నం ఎక్కడికీ పోలేదు. ఆట తనంతట తనే ఎప్పటికప్పుడు దాచుకుందిట. సరుగుడు తోట ఊగుతోంది. రేవులో పడవలు వరసగా లంగరేసి ఉన్నాయి. రోడ్డు చివర ఎర్ర పెంకుల ఇల్లు, దాని అరుగు మీద బొమ్మ ముసలమ్మ ఒకతె సముద్రం చూస్తూ కూర్చుని ఉంది. సుబ్బాయమ్మ ఆ బొమ్మని తెర మీద వేలితో నిమిరింది. వీరరాఘవులు పసిపిల్లాడిలా భోరున ఏడ్చాడు, అది సంతోషమే.

"పరిగెత్తవే రాజ్యం! మాస్టార్ని పిలు!"

రాజ్యం పరిగెత్తింది. పక్కింట్లో మాస్టారు మొహం కడుక్కుని, మజ్జిగ తాగి స్థిమితపడ్డారు. విషయం విని లేచి నిలబడ్డారు. "నిజంగా ఉందా అమ్మా? ఉంటే ఇంక మాటే లేదు, ఈ ఫలకం మీదే. పద, పద!" అని సంచిలోంచి ఫలకం తీసి చేత్తో పట్టుకునే బయల్దేరారు. వెనకాల ఊరంతా కదిలింది.

ఇంట్లో అచ్చియ్యమ్మ చీర సర్దుకుంటూ ఠక్కున ఆగిపోయింది.

"ఏమండీ, మాస్టారు ఇందాక ఏం చెప్పెళ్ళారు?"

"నగరానికి నీళ్ళొదులుకోమన్నారు."

"వదిలామా?"

వీరరాఘవులు నెత్తి కొట్టుకున్నాడు. ఫలకం గుమ్మందాకా వచ్చేస్తోంది, చెప్పిన ఒక్క పనీ చెయ్యలేదు! అచ్చియ్యమ్మ పెరట్లోకి ఉరికి, ఐసు ఫ్యాక్టరీ గోడ మీదుగా కేకేసింది.

"ఒరేయ్ బుల్లబ్బాయ్! నీళ్ళు! పట్టుకు రారా!"

"మంచినీళ్ళా అక్కా, ఉప్పునీళ్ళా?" అని అవతల్నుంచి బుల్లబ్బాయి.

"తీరనగరానికి మంచినీళ్ళు వదుల్తారట్రా ఎవరైనా!" అని ఇవతల్నుంచి వీరరాఘవులు.

బుల్లబ్బాయి పడవ వాళ్ళ దగ్గర బిందె అడిగి పుచ్చుకుని, సముద్రంలో ముంచి, ఎత్తుకుని ఒక్క పరుగున వచ్చాడు. జోగారావు మాస్టారు ఫలకం రెండు చేతులా పట్టుకుని గడపలో కాలు పెట్టారు. సరిగ్గా అప్పుడే వీరరాఘవులు బిందె పైకెత్తి, "గోవిందా!" అని కంప్యూటర్ నెత్తిన బోర్లించాడు.

రేవు మునిగింది. తోట మునిగింది. అరుగు మునిగింది. లోపల చటచటమని, బుస్సుమని, చివరికి 'టప్' అంది. కాస్త పొగ వచ్చింది. తెర నల్లబడింది.

మాస్టారు ఫలకాన్ని గబుక్కున వీపు వెనక దాచుకున్నారు. "ఎవరు... ఎవరు పొయ్యమన్నారయ్యా?"

"మీరేనండి, ఆయ్," అన్నాడు వీరరాఘవులు వినయంగా. "కొంచెం ఆలస్యమైంది, ఏమనుకోకండి."

మాస్టారు బోషాణం మీద చతికిలబడ్డారు.

"కంగారుపడకండి మాస్టారూ. ఇప్పుడు పోటు మీదుంది. ఆటు రానివ్వండి, నీళ్ళు లాగేత్తే ఊరదే బయటపడుద్ది," అని ధైర్యం చెప్పి వీరరాఘవులు ఎదురుగా బాసింపట్టు వేసుకు కూర్చున్నాడు. ఇంటిల్లిపాదీ కూర్చున్నారు. కంప్యూటర్ పెట్టె కింద నుంచి నీళ్ళు మెల్లగా కారిపోతున్నాయి.

"లాగేత్తందండి, లాగేత్తంది!" అని సంబరపడింది అచ్చియ్యమ్మ.

అంతలో పెట్టె పక్కనున్న కంతలోంచి ఏదో కదిలింది. బిందెలో సముద్రంతో పాటు వచ్చిందే, చిన్న ఎర్రపీత. ముందు రెండు కళ్ళు బయటపెట్టింది, తర్వాత మొత్తంగా దిగి నేల మీద నిలబడింది.

"అదిగో! మన ఊరోడు!" అని అరిచాడు బుల్లబ్బాయి.

"బతికి బయటపడ్డాడు నా తండ్రి!" అని సుబ్బాయమ్మ దణ్ణం పెట్టింది. అచ్చియ్యమ్మ తువ్వాలు తెచ్చి దూరం నుంచే విసిరింది. రాజ్యం వంగి మర్యాదగా అడిగింది. "ఏమండీ, మిగతావాళ్ళంతా క్షేమమేనాండీ?"

పీత కొండి పైకెత్తింది.

"చెయ్యెత్తి చెప్పాడు, క్షేమమేనంట," అంది సుబ్బాయమ్మ.

వీరరాఘవులు పీత వైపు చూశాడు. మాస్టారి చేతిలో ఫలకం వైపు చూశాడు. ఎన్నాళ్ళ ఆశో అది. గొంతు సవరించుకున్నాడు.

"మాస్టారూ, అంత తుఫానులో, అంత నీళ్ళలో, దారి కనిపెట్టుకుని ఒక్కడే బయటికొచ్చేశాడు చూడండి. నాకంటే తెలివైనోడండి. న్యాయంగా ఆ ఫలకం ఆయనకే చెందుద్ది. ఇచ్చెయ్యండి."

మాస్టారికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "ఇది తెలివైన కుటుంబానికి ఇవ్వాల్సిందయ్యా రాఘవులూ," అన్నారు నీరసంగా. "అదేమో ఒక్కటే పీత. కుటుంబమేదీ?"

"అదేంటండీ అలాగంటారు?" అని వీరరాఘవులు నొచ్చుకున్నాడు. "మేం లేమా?"

అని, ఇంటికొచ్చిన మనిషిని ఇంట్లో కలుపుకుంటున్నట్టు ఆప్యాయంగా చెయ్యి చాపి, పీత ఎత్తిన చేతిలో పెట్టాడు. అంతే! ఆ కేక ఐసు ఫ్యాక్టరీ గోడ దాటి, బుల్లబ్బాయి గీసిన గీత కూడా దాటి, సముద్రంలో వలలు లాగుతున్న వాళ్ళకి వినపడింది.